టైపుల వజ్రకవచము

2012లో మైక్రోసాఫ్టువారు టైప్‌స్క్రిప్టును వెలువరించిన పిమ్మట మన ప్రోగ్రామరులలో ఒక విచిత్రమైన భక్తి క్రమక్రమముగా ప్రబలినది: ప్రాజెక్టులో జెస్టు అను టెస్టు సాధనమునకు చెందిన టైపుల ప్యాకేజీ నొకదానిని ఇన్‌స్టాలు చేసినచో చాలును, ఇక ఆ టెస్టులకు వజ్రకవచము తొడిగినట్లేనని వారి దృఢవిశ్వాసము. ఆ కవచమును ఒకమారు విప్పి చూచుట అపచారమనుకొందురు కాబోలు, చూచినవారు అరుదు.

ఆ టైపుల నిర్వచనములు జెస్టు ప్యాకేజీలోనివి కావు. డెఫినిట్లీటైప్డ్ అను ఉమ్మడి భాండాగారములో స్వచ్ఛందముగా పనిచేయు సజ్జనులు వ్రాసి నిలిపినవి. (వారి శ్రమకు నమస్కారము; నా తగవు వారితో కాదు, వారి పేర ప్రమాణములు చేయువారితో.) అందు ‘టుబీ’ అను మెథడు ఏ టైపు విలువ వచ్చినను అడ్డుచెప్పకుండునట్లు, డీఫాల్టుగా ‘ఎనీ’ అని, నిర్వచింపబడియున్నది. బిల్లు మొత్తమును లెక్కగట్టు ఫంక్షను 500 అను సంఖ్యను ఈయవలసియుండగా, మీరు కొటేషన్లలో పెట్టిన 500 అను స్ట్రింగుతో దానిని పోల్చినను కంపైలరు కిమ్మనదు. టెస్టు నడచినపుడు ఆ తప్పు బయటపడునందురా? నిజమే, కాని ముందు ‘నాట్’ చేర్చి, మొత్తము 500 కారాదని వ్రాసియుంటిరా, సంఖ్య ఎన్నడును స్ట్రింగు కాజాలదు గనుక ఆ టెస్టు కల్పాంతమువరకు పాసగుచునే యుండును!

ఇంతలో అదే ప్రాజెక్టులోనికి సైప్రెస్ అను మరొక టెస్టు సాధనము ప్రవేశించును. అది వెంటబెట్టుకొని వచ్చిన ‘ఎక్స్‌పెక్ట్’ జెస్టువారి ‘ఎక్స్‌పెక్ట్’ను కప్పివేయగా, నిన్నటిదాక నిక్షేపముగా నున్న ‘టుఈక్వల్’ అను ప్రాపర్టీ అసలు లేనేలేదని కంపైలరు దబాయించును. అప్పుడు మన భక్తుడు రెండింటికిని వేర్వేరు టీఎస్‌కాన్ఫిగ్ వ్రాసికొనునా? వ్రాయడు, దొరికిన ప్రతి పంక్తిపైని టీఎస్‌ఇగ్నోర్ విభూతి పూసి, ‘టైప్‌సేఫ్’ అని రీడ్‌మీలో వ్రాసికొనును.

అన్నిటికంటె వింత యేమనగా, బేబెల్ అను కోడుమార్పిడి సాధనముతో నడచు జెస్టు ఆ టైపులను సరిచూడనే చూడదు. టెస్టు మొదలగుటకు పూర్వమే వానిని నిశ్శేషముగా తుడిచివేయును. టైపుల తప్పులు పది యున్నను తెరపై పచ్చరంగు వెలుగుచునే యుండును.

కావున అయ్యలారా, అమ్మలారా, ఉమ్మడి నిర్వచనములను వాడుడు, తప్పులేదు. టెస్టులతోబాటు టీఎస్‌సీ అను కంపైలరును ‘నోఎమిట్’తో వేరుగా నడిపింపుడు, మీ ఫంక్షనును ఒకమారు బుద్ధిపూర్వకముగా చెడగొట్టి ఆ టెస్టు ఫెయిలగునో లేదో చూడుడు, ఆ పిమ్మట రీడ్‌మీ వ్రాయుడు.