బండి జోలికి పోకండి, రిమోట్ విప్పండి

రిమోట్ కారును కంప్యూటర్ మాట వినే రోబోగా మార్చాలనుకునే కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్), బంగారుపేట, కోలారు పిల్లలకు ఈ చిట్కాలు. కొన్ని తలకిందులుగా కనిపిస్తాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మేవాళ్లు కాదంటారు. అయినా నా మాట ఇదే.

1. కొత్తది కొనకండి.
అటక మీది పాత కారు చాలు. బాడీ పగిలినా చక్రాలు తిరిగి, రిమోట్ పనిచేస్తే సరి. వేలు పోసి కొన్నదాన్ని విప్పడానికి చేయి రాదు. చేయి రాకపోతే విద్యా రాదు.

2. కారును ముట్టుకోకండి.
లోపలి బోర్డు పీకేసి మోటార్ డ్రైవర్ పెట్టమని అందరూ చెబుతారు. మొదటి రోబోకు ఆ పని వద్దు. సిగ్నల్ అందుకునే బోర్డు, మోటార్లు తిప్పే సర్క్యూట్ కారులో ముందే ఉన్నాయి. విప్పాల్సింది రిమోట్‌ను.

చాలా చౌక రిమోట్లలో బటన్ నొక్కితే రెండు రాగి గీతలు కలుస్తాయి, అంతే. వాటిలో ఒకటి సాధారణంగా బ్యాటరీ నెగటివ్‌కు వెళ్తుంది. అదేదో మల్టీమీటర్ బీప్‌మని చెప్పేస్తుంది. అక్కడ 817 ఆప్టోకప్లర్ (వెలుతురుతో పనిచేసే చిన్న స్విచ్ చిప్) పెట్టి, ఎమిటర్ నెగటివ్ గీతకు, కలెక్టర్ రెండో గీతకు అతకండి. అవతలి వైపున్న ఎల్‌ఈడీ ఆనోడ్ కాలు 330 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు) పిన్‌కు, కాథోడ్ కాలు ఆర్డుయినో గ్రౌండ్‌కు. నాలుగు బటన్లకు నాలుగు ఆప్టోకప్లర్లు. ఇక కంప్యూటర్ ఒక అక్షరం పంపితే ఆర్డుయినో బటన్ నొక్కుతుంది. రిమోట్ కరెంటు, కంప్యూటర్ కరెంటు ఒకదానికొకటి తగలవు. వేగం తగ్గించడం, పెంచడం ఈ పద్ధతిలో సరిగా కుదరదు. మొదటి పాఠానికి అది లోటు కాదు.

3. నడపడం తర్వాత, ఆపడం ముందు.
గనుల్లో మనుషుల్ని దించే కేజ్‌ను (లిఫ్ట్ లాంటి పంజరాన్ని) నడిపే వైండింగ్ డ్రైవర్‌కు లోపలున్నవాళ్లు కనిపించరు. గంటలే ఆధారం. కేజ్ కదులుతుండగా ఒక్క గంట మోగితే ఆపాల్సిందే. మీ ఆర్డుయినో ప్రోగ్రామ్‌లోనూ అదే రాయండి: అర సెకను పాటు కంప్యూటర్ నుంచి అక్షరం రాకపోతే నాలుగు బటన్లూ వదిలేయాలి. యూఎస్‌బీ తీగ ఉంచి, కంప్యూటర్‌లో అక్షరాలు పంపే ప్రోగ్రామ్‌ను ఆపేసి పరీక్షించండి. కారు ఆగితేనే ముందుకు పోండి.

4. చూస్తూ నడపకండి.
రెండు సెకన్లు ముందుకు, ఒక సెకను ఎడమకు అని రాసి వదిలేయండి. ఆగిన చోట సుద్దముక్కతో గీత గీయండి. మళ్లీ నడిపితే గీత తప్పుతుంది. బ్యాటరీ తగ్గేకొద్దీ ఇంకా తప్పుతుంది. సెన్సర్ ఎందుకు కావాలో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

5. సైనైడ్ దిబ్బల మీదికి తీసుకెళ్లకండి.
ఏటవాలు బాగుందని మనసు లాగుతుంది. అది బంగారం తీయగా మిగిలిన మెత్తటి పొడి. గేర్లనూ ఊపిరితిత్తులనూ పాడుచేస్తుంది. పాత షాఫ్టుల దగ్గరికి అసలే వద్దు. ఇంటి వసారా చాలు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన కేజీఎఫ్‌కు పరికరాలు, ప్రయోగాలు కొత్త కాదు. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, భారత, బ్రిటన్, జపాన్ శాస్త్రవేత్తలు వాతావరణ న్యూట్రినోలనే సూక్ష్మ కణాల జాడ పట్టారు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ (బీజీఎంఎల్) గనులు మూతపడ్డాయి. పని వెతుక్కుంటూ బెంగళూరు రైలెక్కే ఊరైంది మనది. పనిముట్టు పట్టడం మాత్రం పిల్లలు ఇంట్లోనే నేర్చుకోవచ్చు. పగిలిన బొమ్మను పాత సామాన్లవాడికి వేయకండి. ఒక స్క్రూడ్రైవర్ జతచేసి పిల్లల చేతికివ్వండి.