నూటయాభై గ్రాముల మనిషి

యాప్రాల్‌లో మా మేనత్త ఇల్లు కనుక్కోవాలంటే పేరుతో పనిలేదు. "బడిల వండే ఏజెన్సీ ఆమె" అంటే చాలు, ఆటోవాడు నేరుగా గడప ముందే దింపుతాడు.

ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు గరిటె పట్టింది. అయిదో తరగతి దాకా తలకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి 150 అని సర్కారు లెక్క. ఆ లెక్కను బడికి వదిలేసి రావచ్చు కదా! యావత్ మానవజాతికీ వర్తింపజేసింది. మా చెల్లెలి పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాడి జీతం మేం అడుగుతుంటే, ఈవిడ వాడి కంచంకేసి చూసి, "100 గ్రాములోడే. వీడేం సంసారం జేస్తడు?" అని అందరికీ వినబడేలా గొణిగింది. ఆ సంబంధం మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

నలుగురికి వండమంటే చేతులు ఆడవు. ఇంట్లో కూడా సాంబారు బకెట్లోనే. పిల్లలకంటే ముందు టీచరు రుచి చూడాలన్నది బడి నియమం. ఇంట్లో ఆ ఉద్యోగం మా మామది. ఆయన మొదటి ముద్ద మింగేదాకా ఎవరి కంచంలోనూ మెతుకు రాలదు. ఈవిడ గరిటెతో ఎదురుగా నిలబడి ఉంటుంది కాబట్టి, ఉప్పు తక్కువైన సంగతి ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ బయటపెట్టలేదు.

మా గృహప్రవేశానికి కేటరింగ్ మాట్లాడాను. వెనక్కి వెళ్లి మూతలన్నీ తీసింది. "పప్పుల నీళ్లున్నయా, నీళ్లల్ల పప్పున్నదా?" అని వాళ్లను నిలదీసి గరిటె లాక్కుంది. ఆ తర్వాత మా ఆఫీసు వాళ్లందరూ లైన్లో నిలబడ్డారు. మా మేనేజరైతే అడగకముందే రెండు అరచేతులూ చాపి, కడుక్కున్నట్టు చూపించాడు. యాప్రాల్ చుట్టూ మిలటరీ ఏరియాలున్న ఊరే గానీ, అంత క్రమశిక్షణ నేనక్కడ ఎప్పుడూ చూడలేదు.

టీవీలో వార్తలు పెట్టేది కోడిగుడ్డు ధర కోసమే. వారానికి మూడు గుడ్లు పెట్టాలి. గుడ్డు రోజున హాజరు కూడా ఎక్కువే. ధర పెరిగిందా, ఆ సాయంత్రం మాతో మాటల్లేవు. సరుకులు ముందు ఖాతా మీద తేవాలి, బిల్లు వచ్చినప్పుడు వస్తుంది. కిరాణా కొట్టు ముందు నుంచి పోకుండా ఉండటానికి ఆవిడకు తెలిసినన్ని అడ్డదారులు పోస్టుమాన్‌కు కూడా తెలియవు. వండినందుకు ఇచ్చే గౌరవ వేతనమంటారా, కేంద్రం 2009లో నెలకు వెయ్యి రూపాయలని ఖాయం చేసింది, అదీ ఏడాదికి 10 నెలలే. తెలంగాణ ప్రభుత్వం 2023లో దాన్ని 3,000 చేసింది.

"ఇగ మానెయ్యరాదా అత్తా?" అన్నాను.

"నాలుగో తరగతిల ఒక పోరి ఉన్నది. దానికి అడుగుమాడు కావాలె. నేను మానేస్తె ఎవ్వలు గీకి పెడ్తరు?"

నాకైతే ఏనాడూ మాడు దాచిపెట్టలేదు. ఆ మాట అంటే బాగుండదని ఊరుకున్నాను.

మొన్న నాకు షుగరని తేలింది. అన్నం తగ్గించమన్నాడు డాక్టరు. చీటీ తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, చదవకుండానే తిరిగి ఇచ్చేసింది.

"గంతే కదా అల్లుడా! నిన్ను మళ్ల అయిదో తరగతికి దించిండన్నట్టు."

అని రెండో గరిటె కూడా వేసింది.