సమ ఉజ్జీ

మా రోజుల్లో ప్రేమకథ కావాలంటే అద్దె పుస్తకాల కొట్టుకి వెళ్లాలి. తెనాలిలో మా సందు మొగలో ఒకటుండేది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’కి అక్కడ ఎప్పుడూ వంతులే. ఆ పుస్తకం మా ఇంటికొచ్చేసరికి అట్ట ఊడి, దబ్బనంతో పురికొస కుట్టించుకుని, పేజీల మూలల్లో తాలింపు నూనె మరకలతో ఉంది. ఆఖరి రెండు పేజీలూ ఏ మహాతల్లో చింపుకుపోయింది. జయంతీ రాజశేఖరం చివరికి ఏమయ్యారో మా అక్క పక్కింటివాళ్లనడిగి తెలుసుకుంది. అంత సస్పెన్స్ ఇప్పటి ఓటీటీ వాళ్లని ఇమ్మనండి చూద్దాం.

కథలో కొత్తేముంది! కారున్న అబ్బాయి, ఉద్యోగం చేస్తేనే ఇల్లు గడిచే అమ్మాయి. కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’ కూడా ఆ తానులో గుడ్డే. జమీందారు, ఆయన సెక్రటరీ. 1971లో రామానాయుడు దాన్ని సినిమా తీస్తే అక్కినేనినీ వాణిశ్రీనీ చూడ్డానికి మా వీధి వీధంతా కదిలింది. తెరమీద జమీందారు గతిలేని పిల్లని ప్రేమిస్తే కొంగుతో కళ్లొత్తుకున్న మా దొడ్డమ్మే, తన కొడుకు కాంపౌండరుగారి కూతుర్ని చేసుకుంటానన్న రోజున నూతిగట్టెక్కి కూర్చుంది. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని ఆ పూట ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

దొడ్డమ్మ చేసింది ఘనకార్యమని నేననను. కానీ అడ్డుపడేదెవరో ఎదురుగా కనబడేవారు కదా. వాళ్లమీద అలగొచ్చు, అన్నం మానేయొచ్చు, మరీ తెగిస్తే రాత్రికి రాత్రే తిరుపతి బండెక్కొచ్చు. ఇప్పుడో? మా మనవరాలు సంబంధాల యాప్ తెరిచి ఫోను నా కళ్లజోడు ముందు పెట్టింది. వయసు ఇంతనుంచి ఇంతవరకు. ఎత్తు. ప్యాకేజీ ఇన్ని లక్షలకి పైన. తల్లిదండ్రులేం చేస్తారు, సొంతిల్లా అద్దిల్లా, అమెరికా అయితే ఏ వీసా. కులం ఎలాగూ ఉంది, కింద శాఖ కూడా. వేలితో ప్యాకేజీ గీత కాస్త జరిపితే వందలమంది మాయమయ్యారు. వాళ్లంతా ఎవరే అన్నాను. “మనకి మ్యాచ్ కానివాళ్లు తాతయ్యా” అంది, అదేదో బియ్యంలో రాళ్లేరినట్టు.

ఆ రాజశేఖరమే ఇప్పుడు పుడితే జయంతి మొహం కూడా చూడడు. జీతం గడి దగ్గరే ఆ పిల్ల రాలిపోతుంది. చూడనివాణ్ణి ప్రేమించేదెలా, ఇంట్లో దెబ్బలాడేదెలా? నూతిగట్టెక్కి మా దొడ్డమ్మ నానా యాగీ చేసి సాధించింది వీళ్లు చప్పుడు లేకుండా బొటనవేలితో సాధిస్తున్నారు. పైగా ప్రేమకి అంతస్తేమిటి, వయసేమిటి అని స్టేటస్సులు.

వయసు గొడవ ఇంకా విచిత్రం. మగవాడు ఎంత పెద్దయినా మనకది తేడా కిందే లెక్క కాదు. లుబ్ధావధాన్లు పసిపిల్లని కొనుక్కోబోతుంటే ‘కన్యాశుల్కం’ చూసి నవ్వుకుంటాం గానీ, 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడేనాటికి అది నవ్వులాట కాదు. విజయనగరం మహారాజు ఆనందగజపతి వేయించిన లెక్క గురజాడే ముందుమాటలో చెప్పారు. విశాఖ జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లకి 1,034 శుల్క వివాహాలు. ఆ పెళ్లికూతుళ్లలో నడక సరిగ్గా రానివాళ్లూ ఉన్నారు. 1929లో శారదా చట్టం ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండాలంది, 1978లో పద్దెనిమిది చేశారు. పెళ్లీడైతే పెరిగింది. మొగుడూ పెళ్లాల మధ్య ఎడం మాత్రం చట్టానికి అందని విషయం. మా ఇళ్లల్లో చంకనెత్తుకుని తిప్పిన మేనమామే మెళ్లో తాళి కట్టేవాడు. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు తేడా. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉందని సంబరం. ఆ పిల్లనెవరూ అడగలేదు.

‘దేవదాసు’ 1953లో వచ్చింది. నేను చూసింది ఎన్నో రిలీజో! జమీందారు కొడుక్కి పార్వతి తగదని తండ్రి యస్.వి.రంగారావు కాదంటాడు. ఆ పార్వతినే పిల్లలెదిగిన ముసలి జమీందారుకిచ్చి చేస్తారు. అంటే అంతస్తు సరిపోలేదని ఈడైనవాడు దక్కడు, అంతస్తుంటే చాలు ఈడు కానివాడైనా పరవాలేదు. లోకమంతా అక్కినేని చేతిలో సీసా చూసి డెబ్భై ఏళ్లుగా ఏడుస్తోంది. ముసలి జమీందారు సి.ఎస్.ఆర్. పక్కన పార్వతిగా నిలబడ్డ సావిత్రి కోసం ఏడ్చినవాణ్ణి నాకు ఒక్కణ్ణి చూపించండి.

అదే ఆడది పెద్దయితే? 1976లో దాసరి నారాయణరావు ‘తూర్పు పడమర’లో కుర్రాడు తనకంటే పెద్దదైన గాయనిని ప్రేమిస్తే, మా వెనక వరసలో ఒకాయన కలికాలం, కలికాలం అంటూ సగంలో లేచిపోయాడు. పక్కనున్న భార్య ఆయన కూతురేమో అనుకున్నాం మేము.

యాభై ఏళ్లయింది. కూకట్‌పల్లిలో మా అబ్బాయి ఫ్లాటున్న అపార్ట్‌మెంట్‌లోనే చూస్తున్నాను. కింది అంతస్తు కుర్రాడు ఆఫీసులో ఒకమ్మాయిని ఇష్టపడ్డాడు. కులం ఒకటే, చివరికి శాఖ కూడా. ఆ అమ్మాయి అతనికంటే మూడేళ్లు పెద్ద, తండ్రి ఆటో నడుపుతాడు. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, “మీ మాటంటే వాడికి గౌరవం, నచ్చజెప్పండి బాబాయిగారూ” అంది. వయసు కారణమా, ఆటో కారణమా అనడిగాను. రెండూనట, కానీ బయటికి వయసని చెబుతున్నారట. ఆటో అంటే బాగుండదు కదా!

ఆ మూడేళ్లూ ఎక్కడివో ఆవిడ ఆలోచించిందా? ఆ పిల్ల తండ్రి ఆటో కిస్తీలు కట్టి, తమ్ముణ్ణి ఇంజనీరింగ్ చదివించి, చెల్లెలి పెళ్లి చేసి, అప్పుడు తన సంగతి చూసుకుంది. ఉన్నవాళ్లింట్లో పుట్టుంటే ఇరవై నాలుగుకే ఫంక్షన్ హాలు బుక్కయ్యేది. లేనివాళ్ల ఇళ్లల్లో పెద్దకూతురి వయసు ఇంటి ఖర్చు కింద పోతుంది. అది తీసుకొచ్చి ఆమె తప్పన్నట్టు ముందు పెట్టడం నాకు నచ్చలేదు.

“మీకూ మీవారికీ ఎన్నేళ్లమ్మా?” అన్నాను.

“తొమ్మిది. అది వేరు.”

“మరి మహేశ్‌బాబు? నమ్రత ఆయనకంటే మూడేళ్లు పైనే పెద్ద కదా.”

“వాళ్లు సినిమావాళ్లు బాబాయిగారూ!” అని, నేనిచ్చిన కాఫీ తాగకుండానే వెళ్లిపోయింది.

కుర్రాడు మొండివాడే. రిజిస్ట్రారాఫీసులో నోటీసు పడేశాడు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం నోటీసు గోడకంటించి ముప్ఫై రోజులు ఆగాలి. మా రోజుల్లో ఆ ముప్ఫై రోజులే ప్రాణగండం. ఆ ఆఫీసు గుమాస్తాకి పిల్ల తండ్రి ఎక్కడో బాల్యస్నేహితుడై ఉండేవాడు. మూడో రోజుకే కబురు ఊరికి చేరేది, నాలుగో రోజుకి పిల్ల మేనత్తగారింట్లో ఉండేది. ఇప్పుడు ఆ బోర్డు చదివే తీరిక ఎవరికుంది? పెళ్లికి మాత్రం సాక్షులు ముగ్గురు కావాలి. ఇద్దరు వాడి స్నేహితులట. మూడోవాణ్ణి నన్నొచ్చి సంతకం పెట్టమన్నాడు. వాళ్లమ్మకి నా మీద ఎలాగూ కోపమే, ఇంకాస్త రానీ అని సరేనన్నాను.

మా రోజుల్లో సాక్షిని పిలిస్తే ఇంటికి రిక్షా పంపేవారు, సంతకమయ్యాక హోటల్లో ఇడ్లీ, ఉప్మా, స్ట్రాంగు కాఫీ. వీడు ఆధార్ జిరాక్సు పట్టుకు రమ్మని మెసేజ్ పెట్టి, దాని కింద లొకేషన్ పంపించాడు.