చీమోపదేశం

చీమలను చూసి బుద్ధి తెచ్చుకోమనడం బడి వార్షికోత్సవాల్లోనూ వ్యక్తిత్వ వికాస తరగతుల్లోనూ తప్పని తంతు. వక్త పెరట్లో బెల్లం ముక్కకు పట్టిన చీమలబారును వర్ణించి, నాయకత్వం, శ్రమ, ఐకమత్యం అని మూడు ముక్కలు చెప్పి, శాలువా కప్పించుకుని కారెక్కుతాడు. అతను బారులో ఉండడు. బారు పక్కన నిలబడతాడు.

మూడింటిలో ముందు కూలేది నాయకత్వం. రాణి చీమ గుడ్లు పెడుతుందే తప్ప ఆజ్ఞలివ్వదు. తిండి దొరికిన చీమ పుట్టకు వస్తూ నేల మీద వాసన రాస్తుంది, వెనక వచ్చినవి దాన్ని చిక్కబరుస్తాయి. తిండి అయిపోతే వాసన ఆరుతుంది, బారు చెదురుతుంది. అధ్యక్షోపన్యాసం లేకుండానే పని ముగుస్తుంది.

శ్రమ సంగతి మరీ ఇబ్బందికరం. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక జాతి చీమలకు రంగు చుక్కలు పెట్టి గమనిస్తే, దాదాపు 40 శాతం ఊరికే కూర్చున్నట్టు తేలింది. చురుకైనవాటిని తీసేశాకే ఆ కూర్చున్నవాటిలో కొన్ని లేచాయి. సొరంగం తవ్వే నిప్పు చీమల మీద 2018లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం, 30 శాతం చీమలు 70 శాతం పని చేశాయి. అన్నీ ఒకేసారి దూరితే దారి మూసుకుపోతుంది కనుక, తక్కినవి కూర్చోవడమే మేలట. ఈ అంకెలు ఏ ఉపన్యాసంలోనూ వినపడవు.

పనిచేసే చీమలన్నీ ఆడవే. లేత వయసువి లోపల పిల్లలను సాకుతాయి. ప్రాణానికి తెగించి బయట తిరిగేది ముసలివి. కర్నూలు జిల్లా పడమటి పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయే ఆడకూలీలకు ఈ పాఠం కొత్తేమీ కాదు. వాళ్ల వెంట వెళ్లిన పిల్లలు బడికి దూరమవుతారు కనుక, వార్షికోత్సవంలో శ్రమ విలువ వినే భాగ్యం వాళ్లకు దక్కదు.

మామిడి చెట్టు మీది ఎర్ర చీమలు ఆకులు కుట్టి గూడు కడతాయి. దారం వాటిది కాదు, వాటి పిల్ల పురుగులది. పెద్ద చీమ పిల్లను నోట కరుచుకుని, మగ్గం మీద నాడెలా అటూ ఇటూ ఆడిస్తుంది. మగ్గాల ఊరు కోడుమూరులో దీన్ని ఆదర్శమని చెబితే, బాలకార్మిక చట్టం సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు.

ఇక ఐకమత్యం. అది పత్తి చేలో చూడాలి. పేనుబంక, పిండినల్లి మొక్క రసం పీల్చి తీపి జిగురు విడుస్తాయి. ఆ జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, తినబోయిన అక్షింతల పురుగును తరిమేస్తాయి. కాపలాదారుకు జిగురు, పురుగుకు రక్షణ, మందు ఖర్చు రైతుకు.