‘సిగ్నలుండదమ్మ’: సటీకా తాత్పర్యం

మూలం:

నీళ్లు నింపినాను నిలబెట్టి సైకిలు
కారు వెనక కట్టి కదులుచుంటి
సిగ్నలుండదమ్మ చింతపడకు నీవు
మూడు నాళ్ల పిదప మోగు ఫోను

అవతారిక: నాయకుడు మా మేనల్లుడు. అమెరికాలో యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీలో ఉద్యోగం. అక్కడికి నాలుగు గంటల కారు ప్రయాణంలో మోయాబ్ అనే చిన్న ఊరుంది. దాన్ని ఆనుకుని ఆర్చెస్, కొంచెం ఎడంగా కాన్యన్‌ల్యాండ్స్ అని రెండు జాతీయ పార్కులు. పార్కనగానే మనకు సిమెంటు బెంచీలూ వేరుశనక్కాయల పొట్లాలూ గుర్తొస్తాయి గానీ ఇవి ఎర్రరాతి ఎడారులు. అక్టోబరు నెల, ఎండ నెమ్మదించిన కాలం. తోడెవరూ లేకుండా బయల్దేరుతూ తల్లికి పంపిన కబురు ఇది. ఆమె మా అక్క. “ఇందులో వాడు చెప్పిందేమిటో, దాచిందేమిటో విప్పి చెప్పరా” అని నాకు ఫార్వర్డ్ చేసింది. మూలం వాట్సాప్ వచనం. ఆటవెలదిలోకి దించిన పాపం నాది. బతుకంతా పద్యాలకు టీక చెప్పినవాడి చేతికి ఉత్త వచనమిస్తే ఏం చేసుకుంటాడు?

ప్రతిపదార్థం: నీళ్లు నింపినాను = దాహశాంతికై జలమును పాత్రలయందు పూరించితిని; సైకిలు నిలబెట్టి = ద్విచక్రమును దాని చక్రములపైనే నిలిపి; కారు వెనక కట్టి = కారు తోకకు బిగించిన ఇనుప చట్రమునకు పట్టీలతో బంధించి; కదులుచుంటి = ఇక ఆపినా ఆగను; అమ్మ = ఓ తల్లీ; సిగ్నలుండదు = నీవు ఫోను చేసి ప్రయోజనము లేదు; నీవు చింతపడకు = చింతపడుమని భావము (ఈ విషయంలో తల్లులందరిదీ ఏకాభిప్రాయం); తక్కినది సులభం.

విశేషాలు: కవి కావ్యాన్ని ‘నీళ్లు’ అని ఎత్తుకున్నాడు. ఎడారి కావ్యానికి ఇంతకన్నా మంగళాచరణం లేదు. మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలను, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, వెంట ఉంచుకోవాలని పార్కువారి విధి. మూడు రోజులకు పన్నెండు లీటర్లు వేసుకుందాం. పన్నెండు కిలోల బరువు. దేనిలో నింపాడని శంక. పెద్ద ప్లాస్టిక్ క్యాను డిక్కీలో ఉంటుంది, వీపు సంచిలో ఇంకో నీళ్ల తిత్తి, దానికో సన్నటి గొట్టం భుజం మీదుగా నోటిదాకా వస్తుంది. సరే, సైకిలెక్కాక కారు వెంట రాదు కదా, అప్పుడు డిక్కీలో నీళ్లెవరికి?

ఇది గట్టి శంక. కాన్యన్‌ల్యాండ్స్‌లో వైట్ రిమ్ అని 160 కిలోమీటర్ల మట్టి రోడ్డు ఉంది. 1950లలో యురేనియం వెతికేవాళ్ల కోసం వేసింది. యురేనియం సంగతేమో గానీ సైకిళ్లవాళ్లకు స్వర్గమైంది. పర్మిట్ తీసుకోవాలి, తాగునీరు చుక్క దొరకదు. అందుకే జట్లుగా పోయేవాళ్లు వెనకాల జీపులో నీళ్లూ తిండీ తోలించుకుంటూ మూడు నాలుగు రోజుల్లో చుట్టి వస్తారు. ఒంటరివాడికి జీపు తోలేదెవరు? కనుక మనవాడు ఆ చుట్టు జోలికి పోడనీ, అదే పార్కులోని షేఫర్ రోడ్డు మలుపుల్లో సుమారు 450 మీటర్లు దిగి, మళ్లీ అదే దారి ఎక్కి కారు చేరతాడనీ వ్యాఖ్యాత నిర్ణయం. ఇక్కడో కిటుకుంది. మామూలు దారిలో సగం నీళ్లయ్యాక వెనక్కి తిరిగినా చెల్లుతుంది. ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు ఉన్నచోట సగమంటే మించిపోయినట్టే; మూడోవంతు కాగానే తిరగాలి. పైగా ఆ పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన క్షణమే ఆరిపోతుంది. సాయంత్రం చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పుచారలు చూసుకున్నప్పుడు గానీ ఎంత పోయిందో అర్థం కాదు.

సైకిలు విషయంలో అక్కకు తెలిసిన శత్రువొకటుంది. అక్కడివాళ్లు దాన్ని మేకతల ముల్లంటారు. మన చేలగట్ల మీది పల్లేరుకాయే అది, ఏ దారిన పోయిందో గానీ ఆ దేశమూ చేరింది. ఒక్కో పలుకుకూ రెండు కొమ్ములు. ఎలా పడినా ఒకటి పైకే చూస్తుంది. దానికి విరుగుడుగా ట్యూబు లేని టైర్లలో తెల్లటి జిగురు పోస్తారు. ముల్లు పీకగానే జిగురు బొట్టు పైకి వచ్చి కన్నం పూడ్చేస్తుంది.

ఈ పార్కుల్లో కాలిబాటల మీద సైకిలు నిషిద్ధం, కార్లు తిరిగే రోడ్ల మీదే తొక్కాలి. బాట తప్పి అడుగు వేయడమూ తప్పే. నల్లగా పొక్కులుగా కనిపించే అక్కడి మట్టి పెచ్చు సూక్ష్మజీవులతో అల్లుకున్న ప్రాణమున్న పొర. తొక్కితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

పాఠాంతరం: ‘కారు వెనక కట్టి’కి ‘చెట్టు మొదట కట్టి’ అని మరో పాఠం ఊహించవచ్చు. అది గ్రాహ్యం కాదు. యతి చెడుతుంది, కథా చెడుతుంది. 2003 ఏప్రిల్‌లో ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడు ఈ ప్రాంతానికే ఒంటరిగా వచ్చి, ట్రక్కు ఒకచోట ఉంచి, సైకిలు మీద ఇంకోచోటికి పోయి, దాన్ని చెట్టుకు కట్టి, బ్లూజాన్ కాన్యన్ అనే ఇరుకు లోయలో దిగాడు. బండరాయి ఒకటి కదిలి కుడిచేతిని గోడకు అదిమి పట్టేసింది. తాను ఎక్కడికి పోతున్నదీ ఎవరికీ చెప్పి రాలేదు. పనిలోకి రాలేదని తోటివాళ్లు గుర్తించాక గానీ వెతుకులాట మొదలుకాలేదు. ఐదు రోజులు దాటాక తన చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు. దీన్ని 2010లో సినిమాగా తీస్తే రెహమాన్ సంగీతం కట్టాడు. ఈ భాగం అక్కకు చదివి వినిపించలేదు.

‘సిగ్నలుండదు’: ఇప్పటి ఫోన్లు కొన్ని ఆపదలో ఉపగ్రహానికి కబురు పంపగలవు గదా అని శంక. పంపగలవు, నెత్తిన ఆకాశం విశాలంగా ఉంటే. ఇరుకు లోయలో ఆకాశం జానెడు.

‘మూడు నాళ్ల పిదప’: ఎవరి మూడు నాళ్లు? అక్కడ సాయంత్రం ఆరైతే ఇక్కడ మర్నాడు తెల్లవారుజాము ఐదున్నర. ఆ తేడా చెప్పకపోతే అక్క ఒక రాత్రంతా అనవసరంగా జాగారం చేస్తుంది. ఫోను మోగుతుందన్న కవి, మోగకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఏ పార్కో, ఏ రోడ్డో, ఏ కారో చెప్పలేదు. ఇది న్యూనపద దోషం. మిగతా దోషాలైతే మేనమామగా క్షమిస్తాను. ఒంటరి ప్రయాణానికి ఇంట్లో వదిలివెళ్లిన కాగితమే రెండో మనిషి గనుక దీన్ని క్షమించేది లేదు. సవరించి పంపమని రాశాను. జవాబు ఇది:

“మామయ్యా, శనివారం షేఫర్ రోడ్డు, సైకిలు. ఆదివారం, సోమవారం అదే పార్కులో నీడిల్స్ వైపు నడక. రాత్రుళ్లు టెంటు. కారు ఫొటో, నంబరు పెడుతున్నా. మీకు మంగళవారం పొద్దున ఐదున్నరకి ఫోన్ చేస్తా. తొమ్మిదైనా రాకపోతే ఇక్కడ నా రూమ్మేట్‌కి చెప్పండి, వాడు పార్కు రేంజర్లకి చెప్తాడు.”

ఇది ఏ ఛందస్సుకూ లొంగలేదు, ఉన్నదున్నట్టే అక్కకు పంపాను. నిర్దోషమని నేనన్నాను గానీ ఆమె ఒప్పుకోలేదు. మూడు రోజుల వాడి తిండి సంగతి మూలంలోనూ లేదు, సవరణలోనూ లేదు, టీకలోనూ లేదట.