ఇరవయ్యారు కిలోల సూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: బియ్యం. నికర తూకం 26 కిలోలు.

అవతారిక: కిరాణా కొట్టులో గోడవారగా పేర్చిన బస్తాల మీద అచ్చయిన సూత్రమిది. కర్త రైసు మిల్లు యజమాని, ప్రేరకుడు ప్రభుత్వం. మొన్నమొన్నటిదాకా ఇదే బస్తా 25 కిలోలుండేది. జనం ఒక కిలో ఎక్కువ తినడం మొదలుపెట్టిన దాఖలా ఎక్కడా లేదు. కనుక ఆ కిలో ఎక్కడ పుట్టిందో చెప్పే భారం వ్యాఖ్యాత మీద పడింది. మూలంలో లేనిదీ, చదువరికి అక్కర్లేనిదీ రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. మెదక్ దగ్గర కొల్చారం వాడు, కాళిదాసాదులతో సరిపెట్టుకున్నాడు, జీఎస్టీ జోలికి పోలేదు. నేను ఆ ప్రతిజ్ఞ పట్టను.

ప్రతిపదార్థం: బియ్యమంటే బియ్యమే. ముందుకు పోదాం.

టీక: 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు, రిజిస్టరైన బ్రాండు పేరుతో సంచిలో అమ్మే బియ్యానికే 5 శాతం పన్నన్నారు. మిల్లర్లకు తక్షణం వైరాగ్యం కలిగింది. ఏళ్ళ తరబడి పెంచుకున్న పేర్లను తృణప్రాయంగా వదిలేయసాగారు. ప్రభుత్వం అదే ఏడు సెప్టెంబరులో ఆ వైరాగ్యానికి రుజువడిగింది. పేరు మీద హక్కును ఇష్టపూర్వకంగా వదులుకున్నానని అఫిడవిట్ ఇవ్వాలి. ఆ సంగతి సంచి మీద చెరగని సిరాతో, ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అచ్చువేయాలి. మన వేదాంతం తాటాకుల మీంచి ప్లాస్టిక్ సంచుల మీదికి దిగివచ్చిన ఘట్టమిది. సాహిత్య చరిత్రకారులెవరూ పట్టించుకోలేదు.

2022 జూన్ ఆఖర్న చండీగఢ్‌లో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్ ఈ సన్న్యాసాన్ని రద్దు చేసింది. ఇక పేరుతో పనిలేదు, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసి ఉంటే చాలు, 5 శాతం కట్టాల్సిందే. ఏది ప్యాకెట్టో ఏది కాదో తూనికలు కొలతల చట్టంలో వెతుక్కోమన్నారు. వెతికితే, 25 కిలోలు దాటిన సంచి ఆ లెక్కలోకే రాదని తేలింది. ఇరవయ్యారో కిలో పుట్టింది ఇక్కడే. నోటిఫికేషన్ జులై 13న, అమలు 18న. మధ్యలో 17వ తేదీన సందేహ నివృత్తి పత్రం! పది కిలోల ప్యాకెట్లు పది ఒకే మూటగా కట్టి అమ్మితే పన్నుందట. యాభై కిలోలు ఒకే సంచిలో పోస్తే లేదట. ఆ సంచి మూతి విప్పి కొట్టువాడు విడిగా తూచి ఇచ్చినా లేదట. 

విశేషాంశం: శాస్త్రం ఇంత దూరం వచ్చాక, వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసను తలవకపోతే పాపం చుట్టుకుంటుంది. ఉన్న దారుల్లో ఒకదానికే కట్టేసే నియమ విధికి మీమాంసకులు ఇచ్చే ఉదాహరణ కూడా వడ్లదే మరి. యాగానికి బియ్యం కావాలి. వడ్లను రోట్లో వేసి దంచవచ్చు, గోళ్ళతో ఒలవనూ వచ్చు. దంచే తీరాలని వేదం కట్టడి చేసింది. ఒలిస్తే మాత్రం బియ్యం రావా? వస్తాయి. అయితే దంచడంలో కంటికి కనపడని పుణ్యమేదో పుడుతుందని, అది లేనిదే యాగం నిండదని సిద్ధాంతం. యాగంలో అర్పించే ఒక్క పురోడాశానికి సరిపడా వడ్లు ఒలవాలంటే ఎందరు రుత్విక్కులు ఎన్నాళ్ళు కూర్చోవాలో ఏ భాష్యకారుడూ లెక్కకట్టలేదు. కట్టి ఉంటే, ఎవరూ చేయని పనికి కట్టడి దేనికని అడిగేవాడు. మీమాంసాచార్యుడు కుమారిల భట్టు అంతటివాడు కూడా రోకలి పక్షమే. రోకలికి ఎంత బలగముందో చూడండి!

ఏం చెబుతున్నాను? ఆ, సంచి. నియమ విధి తర్వాతది పరిసంఖ్య, అంటే ఇది తప్ప తక్కినవి కూడదనడం. దానికి మూడు దోషాలు చెప్పారు: విన్న అర్థాన్ని వదలడం, వినని అర్థాన్ని కల్పించడం, ఉన్నదాన్ని పోగొట్టడం. పన్ను కట్టమన్నారు, అది వదిలారు. కిలో ఎక్కువ పోయమని ఎవరూ అనలేదు, అది కల్పించారు. పాతికేళ్ళ కుర్రాడు భుజాన వేసుకుని మెట్లెక్కే 25 కిలోల బస్తా, అది పోయింది. ఒక్క నోటిఫికేషన్‌లో మూడూ కుదిరాయి. మీమాంసా సూత్రకర్త జైమిని చూస్తే ముచ్చటపడేవాడు.

తాత్పర్యం: నవ్వులాట కాసేపు పక్కన పెడదాం. పాతిక దాటిన సంచి మీద గరిష్ఠ ధర, ఫిర్యాదుకు చిరునామా వేయాలన్న తూనికల చట్టపు షరతు కూడా వర్తించదు. కొనేవాడి రక్షణ కోసం గీసిన గీతను పన్నువాళ్ళు అరువు తెచ్చుకుంటే, బస్తాలు గీత అవతలికి దూకాయి. ఖజానాకూ దక్కలేదు, కొనేవాడికీ దక్కలేదు. మిల్లరును తప్పుపట్టను. 1,500 రూపాయల బస్తా మీద 75 మిగిలే దారి చట్టమే చూపిస్తుంటే ఎవడు కాదంటాడు?

నెల గ్రాసం ఒక్కసారే దింపించుకునే ఇంటికి పన్ను లేదు. వారం వారం ఐదు కిలోల ప్యాకెట్టు కొనేవాడికి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్లో వచ్చే చపాతీకి, పరోటాకు, పనీరుకు పన్ను సున్నా చేశారు. సంతోషం. ప్యాకెట్టు బియ్యం మాత్రం ఐదులోనే ఉంది. గోధుమపిండిదీ అదే గతి. పెనమెక్కి చపాతీ అయ్యాకే దానికి మోక్షం. బియ్యానికి ఆ యోగమూ లేదు, వండిన అన్నాన్ని ప్యాకెట్లో కొనుక్కునే అలవాటు మనకింకా పట్టలేదు.

పాఠాంతరం: కొన్ని బస్తాల మీద ‘30 కిలోలు’ అని కనిపిస్తుంది. అర్థభేదం లేదు. ‘10 కిలోలు’ అన్న పాఠం అద్దె గదుల్లో ఉండి చదువుకునే పిల్లల దగ్గర దొరుకుతుంది. దానికి టీక అక్కర్లేదు, బిల్లు చాలు.