తూర్పు మర్యాద

2024 ఫిబ్రవరి 18న ఇండియానాపొలిస్‌లో జరిగిన ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆల్‌స్టార్ ఆటలో తూర్పు జట్టు 211, పడమటి జట్టు 186 పాయింట్లు చేసెనని వినినంతనే, అవి మన ఉభయగోదావరి జిల్లాల జట్లేమో యని రాజమహేంద్రవరమున ఎవరైన భ్రమించినచో తప్పులేదు. 1951లో బోస్టన్‌లో జరిగిన తొలి ఆటలో ఇరుపక్షములు కలిసి చేసినవి 205 మాత్రమే కాగా, 2024 నాటికి బంతితో వచ్చు ప్రత్యర్థికి, భీమవరమున సంక్రాంతికి విచ్చేసిన కొత్తల్లునికి బావమరది దారియిచ్చినట్లు పక్కకు తొలగి, ‘దయచేయండి బావగారూ, ఆయ్’ యని బుట్ట చూపుటయే క్రీడాధర్మమైనది. ఆటకు ముందురోజు పోటీలకు గాజునేలపై రంగురంగుల బొమ్మలాడించిన వైభవమునకు లోటులేదు, లోపించినది అడ్డగింపొక్కటే. ఆ రాత్రి మనస్ఫూర్తిగా అడ్డగించినవాడు టిక్కెట్టు లేనివారిని నిలిపిన ద్వారపాలకుడొక్కడే కాబోలు. ఉత్తమ ఆటగాని బహుమానము అతనికే చెల్లవలసినది!